బొగ్గింజనుకు నేషనల్ పర్మిట్

ఆ రోజుల్లో నాకు కళ్ళు నెత్తికెక్కి ఉండేవి. అందుకు కారణం లేకపోలేదు. నరసరావుపేటలో చిలకలూరిపేట రోడ్డు మీద మా షెడ్డు ముందు నిలబడి, దూరాన వస్తున్న లారీ నెంబరు ఇంకా కనపడకముందే అది ఎవరి చేతి రంగో చెప్పేసేదాన్ని. క్యాబిన్ నుదుటి మీద తామరపువ్వు రేకులు లావుగా ఉంటే ఒకరి పని, నెమలి మెడ పొట్టిగా ఉంటే ఇంకొకరి పని, "శుభం"లో సున్న కోడిగుడ్డులా సాగితే మాత్రం ఇక అనుమానమే లేదు, అది నా పని. ఇరవై రెండేళ్ళ పిల్లకు అంత విద్య ఉంటే కాళ్ళు నేల మీద ఆనుతాయా? చక్రాలున్నది ఏదైనా నా లెక్కలో లారీయే. చివరికి రైలును కూడా, తెలివైనవాడెవడో పది లారీలను ఒకదాని వెనక ఒకటి కట్టిన ఏర్పాటుగానే భావించేదాన్ని.

మా అబ్బా (మా ఇళ్ళల్లో నాన్నను అలా పిలుస్తాం) లారీ పెయింటరు. పువ్వులూ పక్షులూ ఆయనవి, అక్షరాలు నావి. ఆడపిల్ల నిచ్చెనెక్కి లారీలకు రంగులేయడమేమిటని మొదట్లో బుగ్గలు నొక్కుకున్నవాళ్ళే తరవాత తరవాత "భాయ్, అక్షరాలు మాత్రం పాపతోనే రాయించు" అని అడగడం మొదలుపెట్టారు. అయినా పని పూర్తయ్యాక కింద మూలన పెయింటరు పేరు రాసేచోట అబ్బా పేరే ఉండేది, ఆ పేరు రాసేదీ నేనే. ఆయన దగ్గర నేను నేర్చుకున్న విద్యలో ముఖ్యమైనది లప్పం. బండి మీద చిటికెన వేలు పట్టేంత గుంట కూడా మిగలకూడదు, లప్పం పెట్టి, ఎమరీ కాగితంతో రుద్ది, అద్దంలా తేల్చాలి. ఇంకొకటి నెంబరు. లారీలు ఎఫ్‌సీకి వెళ్ళేముందు (అంటే బ్రేకిన్‌స్పెక్టరు పరీక్షించి, ఇంకొన్నాళ్ళు తిరుగు ఫో అని దీవించే ముందు) మా దగ్గరికి రంగుకొచ్చేవి. నెంబరు రాయబోయే ముందు అబ్బా ప్రతి బండి కిందికీ దూరి, చాసిస్ మీద గుద్దిన అంకెల మీద కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్దేవాడు. నల్లబడిన కాగితం మీద అంకెలు తెల్లగా తేలేవి. పెన్సిల్ ప్రింటు అంటారు దాన్ని. బ్రేకిన్‌స్పెక్టరైనా సరే దాని ముందు నోరు మూసుకోవలసిందే. "బోర్డు ఎవుడైనా రాసుకుంటాడు బేటీ. చాసిస్ అబద్ధం చెప్పదు" అనేవాడు అబ్బా.

మా షెడ్డుకు రెండిళ్ళవతల బొగ్గు తాత ఉండేవాడు. గుంటూరు–మాచర్ల లైను చిన్న పట్టాల మీద నడిచిన కాలంలో ఆయన బొగ్గింజను మీద ఫైర్‌మన్. ఏళ్ళ తరబడి పారతో బొగ్గు ఎగదోసి, లైను వెడల్పు చేశాక ఇంకేదో పనిలో కొన్నాళ్ళుండి రిటైరయ్యాడు. కానీ నోరు మాత్రం రిటైరు కాలేదు. సాయంత్రమయ్యేసరికి మా షెడ్డు బల్ల మీద కూర్చుని "మా నలభై ఏడు ఉండేదే" అని మొదలుపెట్టేవాడు. నలభై ఏడంటే ఆయన పనిచేసిన ఇంజను నెంబరులో చివరి రెండంకెలు. ఆ నలభై ఏడు చెయ్యని ఘనకార్యం లేదు. రెంటచింతల ఎండలో తక్కిన ఇంజన్లన్నీ సొమ్మసిల్లి పడిపోతే అదొక్కటే రొప్పకుండా మాచర్ల చేరేదట. దాని పొయ్యిలో పార కాల్చి, కడిగి, ఆ పార మీదే కోడిగుడ్డు అట్టు పోసుకునేవారట. ఈ మాట వచ్చినప్పుడల్లా ఆయన భార్య, మేమంతా మామ్మ అనేవాళ్ళం, గుమ్మంలోంచి అరిచేది: "పార మీద అట్టేశాడంట! ఇంట్లో పెనం ఏ పక్క ఉంటదో ఎరగడు మడిసి. నలభై ఏడూ లేదు, నా మొహమూ లేదు. పిల్లల్ని చెడగొట్టబాక!" అందరం నవ్వేవాళ్ళం. తాతా నవ్వేవాడు, కానీ ఆ తరవాత కథ సగంలోనే వదిలేసి, బల్ల మీది రంగు మరకలు గోటితో గీకుతూ కూర్చునేవాడు. అది నేను అప్పట్లో గమనించాను గాని పట్టించుకోలేదు. అదీ నా తెలివి.

అలా ఉండగా చిలకలూరిపేట ఓనరుగారి దగ్గర్నుంచి కబురొచ్చింది. ఆయనకు లారీలున్నాయి, వాటి రంగులన్నీ మావే. హైవే పక్కన కొత్తగా హోటలు కట్టి, జనం కళ్ళు పడాలని, ఎక్కడో వేలంపాటలో పాత బొగ్గింజను ఒకటి కొని, పెద్ద ట్రైలర్ల మీద తెప్పించి, హోటలు ముందు నిలబెట్టాడు. వారంలో ప్రారంభోత్సవం. ఇంజనుకు రంగెయ్యాలి, పక్కన చరిత్ర బోర్డు రాయాలి. అబ్బాకు ఆ వారం ఎఫ్‌సీ లారీలు వరస కట్టి ఉన్నాయి. "నువ్వెళ్ళు బేటీ" అన్నాడు. నేను ఒంటరిగా ఒప్పుకున్న మొదటి పని అది. "ఇంజనుకు రంగు ఎట్టా వెయ్యాలి అబ్బా?" అంటే, ఆయన బ్రష్షు దించకుండానే "పెద్ద లారీ అనుకో, అంతే" అన్నాడు. తండ్రి మాట జవదాటని కూతుర్ని కదా, అక్షరాలా అలాగే అనుకున్నాను.

ఇద్దరు పనివాళ్ళను తోడు పెట్టుకుని మూడు రోజులు ఆ ఇంజనుతో కుస్తీ పట్టాను. తుప్పు గీకితే బుట్టలకొద్దీ రాలింది. తరవాత లప్పం. బాబోయ్, ఎన్ని గుంటలు! చక్రాలను ఒకదానికొకటి కలిపే పొడుగు ఇనప రాడ్ల మీద ఎవరో సుత్తితో గుద్దినట్టు వరసగా సొట్టలుంటే, "రైలోళ్ళకు శుభ్రం తెలవదు" అని విసుక్కుంటూ ఒక్కటి వదలకుండా పూడ్చి, నున్నగా రుద్ది, వెండి రంగు రెండు కోట్లేశాను. చక్రాల పైనున్న ఇనప పలకకూ అదే మర్యాద చేశాను. మూడో రోజు సాయంత్రానికి ఇంజను వెనక బొగ్గూ నీళ్ళూ పట్టే పెద్ద పెట్టె దగ్గరికొచ్చాను. దాని వెనక భాగం నల్లగా, నున్నగా, ఇంత వెడల్పున ఖాళీగా ఉంది. పెయింటరుకు ఖాళీ చోటు కనపడితే చెయ్యి ఊరుకుంటుందా? అటొక "సౌండ్", ఇటొక "హారన్", మధ్యన తామరపువ్వు, దాని కింద పసుపు రంగులో అడుగెత్తు అక్షరాలతో "నేషనల్ పర్మిట్". చుట్టూ అంచు దిద్ది, అటూ ఇటూ నల్ల కుచ్చులు కట్టి, ముందుకెళ్ళి నిమ్మకాయా మిరపకాయలూ కూడా వేలాడదీసి, దూరంగా నిలబడి చూసుకుంటే కళ్ళు చెమర్చాయి. అంత బాగా వచ్చింది.

నాలుగో రోజు బొగ్గు తాత కూడా వస్తానన్నాడు. "బొగ్గింజన్ని చూసి ఎన్నేళ్ళయిందో, నన్నూ తీసుకుపోవే పిల్లా" అంటే బస్సులో వెంటబెట్టుకెళ్ళాను. మేం వెళ్ళేసరికి ఓనరుగారు, ఆయన సలహాదారు ఇంగ్లీషు మాస్టారు ఇంజను వెనకే నిలబడి ఉన్నారు. మాస్టారు రిటైరైన లెక్చరరు, తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా. బోర్డు మీద రాయాల్సిన చరిత్ర రాసింది ఆయనే. ఓనరుగారు నన్ను చూసి ఏదో అనబోయి ఆగిపోయాడు. మాస్టారు ఆగలేదు. "ఏమ్మా, మూడు దశాబ్దాలు పాఠాలు చెప్పాను, ఈ సందేహం ఎప్పుడూ రాలేదు. పట్టాలు కూడా లేని ఈ ఇంజను, నేషనల్ పర్మిట్ పెట్టుకుని ఏ రాష్ట్రానికి వెళ్తుంది?" అన్నాడు. టీ తాగుతున్న లారీ డ్రైవర్లు విరగబడి నవ్వారు. నిచ్చెన మీద నుంచి పడినా అంత నొప్పి ఉండేది కాదు.

"సర్లే, అది చెరిపేద్దువుగాని. బోర్డు మాత్రం సారు రాసిచ్చింది రాసిచ్చినట్టు రాయి" అని ఓనరుగారు కాగితం ఇచ్చాడు. "ఇది వైపీ తరగతికి చెందిన మెయిలింజను, దొరలను, జమీందార్లను మోసుకెళ్ళిన ప్యాసింజరు బండి" అని మొదలై అరపేజీ దాకా ఉంది. నేను పైకి చదువుతుంటే వెనక నుంచి బొగ్గు తాత గొంతు వినపడింది. ఆయన అప్పటికే ఇంజను చుట్టూ ఒకటికి రెండుసార్లు తిరిగి, అరచెయ్యి చక్రానికి ఆనించి నిలబడి ఉన్నాడు.

"అట్టా రాయబాక అమ్మాయ్. ఇది మెయిలింజను కాదు, గూడ్సింజను. వైపీ కాదు, వైజీ. ఇది మా నలభై ఏడు."

మాస్టారు నవ్వి, ఇంజను పొట్ట మీదున్న ఇత్తడి బిళ్ళ చూపించాడు. మూడు రోజుల కిందట నేనే దాన్ని చింతపండుతో తోమి తళతళలాడించాను. దాని మీద వైపీ అని ఇంగ్లీషు అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. "పెద్దాయనా, ఇత్తడి మీద చెక్కింది అబద్ధమా?"

"అబద్ధం కాదు బాబూ. అది బాయిలర్ బిళ్ళ. బాయిలర్ అంటే చొక్కా అనుకో. రెండు రకాల ఇంజన్లకీ ఒకటే కొలత. వర్క్‌షాపుకి పోయినప్పుడు దీంది దానికీ, దాంది దీనికీ తొడిగేవోళ్ళు. చొక్కాని చూసి మనిషిని చెప్తారా? కాళ్ళని చూడు." తాత ముందుకు నడిచి వేలితో లెక్కపెట్టాడు. "ముందర చిన్న చక్రం ఒకటే ఉంది. ఆ ఎనక పెద్దయ్యి నాలుగు. మెయిలింజనుకైతే ముందర చిన్నయ్యి రెండుంటయ్, పెద్దయ్యి మూడే. అయ్యి కూడా ఎత్తుగా ఉంటయ్, పరిగెత్తాల గదా. దీనివి పొట్టియ్యి. ఇది పరిగెత్తేది కాదు, లాగేది. దున్నపోతు కాళ్ళు బాబూ ఇయ్యి."

నేను లెక్కపెట్టాను. డ్రైవర్లూ లెక్కపెట్టారు. ఒకటి, నాలుగు. మూడు రోజులు ఆ చక్రాల మధ్యే దొర్లిన నాకు ఒక పక్క ఎన్ని ఉన్నాయో అప్పటిదాకా తెలియదు. మాస్టారు మాత్రం ఒప్పుకోలేదు. "పాత సామాన్ల దుకాణంలో ఏ చక్రం దేనికి తగిలించారో ఎవరికి తెలుసు? పైగా మెయిలింజనంటే హోటలుకు గౌరవం. గూడ్సింజను చూడ్డానికి ఎవరొస్తారండీ?" ఆ చివరి మాట ఓనరుగారికి బాగా ఎక్కింది. "రేపు పొద్దున ప్రారంభం పెద్దాయనా. నీ మాటకి రుజువుంటే చూపించు, లేకపోతే సారు రాసిందే" అన్నాడు. "ఈ తాత ఎవరు పాపా?" అని ఒక డ్రైవరు నన్నడిగితే, ఇంకొకాయన "మా నరసరావుపేట ఆయనేలే, కోతలు బాగా కోస్తాడు" అన్నాడు. పేటలో పుట్టిన ఆ మాట ఇరవై కిలోమీటర్లు దాటి ఇక్కడికీ వచ్చిందన్నమాట. తాత మొహంలో నవ్వు లేదు ఈసారి. "రాడ్ల మీద గుద్దుంటది నెంబరు. విప్పినాక ఏ ముక్క ఏ ఇంజనుదో తెలవాల గదా, అందుకని గుద్దుతారు" అని మెల్లిగా అన్నాడు.

నా గుండె జారి చెప్పుల్లోకొచ్చింది. రాడ్ల మీద వరసగా సొట్టలు! రైలోళ్ళకు శుభ్రం తెలవదని తిట్టుకుంటూ, ఒక్కటి వదలకుండా, అద్దంలా!

చెప్పక తప్పలేదు. చెప్పాను. మాస్టారు కూడా ఈసారి నవ్వలేదు, జాలిగా చూశాడు. అది మరీ ఘోరం. ఓనరుగారు మాత్రం వ్యాపారస్తుడు. జేబులోంచి కాగితం తీసి "పూర్తి నెంబరు ముందే రాసియ్యి, తరవాత మాట మార్చేది లేదు" అని తాతకిచ్చాడు. తాత నాలుగంకెలు రాసి ఇస్తే, మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను గీకుడు కత్తి తీశాను. నా చేత్తో నేనే చేసిన నునుపు, నా జన్మలో అంతకంటే నున్నగా ఇంకేదీ చెయ్యలేదు, దాన్ని నేనే చెక్కాను. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, సూది పెట్టి ఒక్కో సొట్టలోంచి లప్పం పెకలించి, చరిత్ర రాసిచ్చిన కాగితాన్నే తిరగేసి రాడ్డు మీద ఆనించి, పెన్సిల్‌తో రుద్దాను. డ్రైవర్లంతా గుమిగూడారు. వాళ్ళకు బొగ్గింజన్ల గురించి తెలియకపోవచ్చు గాని పెన్సిల్ ప్రింటు గురించి ఒకరు చెప్పక్కర్లేదు. అంకెలు తెల్లగా తేలాయి. చివర పన్నెండు.

"అయిపోయింది" అన్నాడు మాస్టారు. తాత ఇంజను పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. "రాడ్లు కూడా మార్చారేమో" అన్నాడు గాని ఆ మాట ఆయనకే వినపడినట్టు లేదు. ఇంటికెళ్ళాక మామ్మ ఏమంటుందో నాకు తెలుసు. ఆమె నవ్వుతుంది, వీధి నవ్వుతుంది, ఈసారి నవ్వుకు రుజువు కూడా ఉంటుంది, ఆ రుజువు పెన్సిల్ పెట్టి తీసింది నేను. అప్పుడు అబ్బా గుర్తొచ్చాడు. లారీకి టైర్లు మారుస్తారు, బాడీ మారుస్తారు, ఇంజనే మారుస్తారు. అబ్బా ఎప్పుడైనా టైరు మీద నెంబరు చూశాడా?

"తాతా, లెయ్. దీనికి చాసిస్ ఏది?"

"చాసిసేంది?"

"అన్నీ మార్చినా ఒకటి మార్చరు గదా. అన్నీ దేని మీద కూర్చుంటయ్యో, అది!"

తాత నా మొహంలోకి చూశాడు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తు. "ఫ్రేము" అన్నాడు. "ఫ్రేము మార్చరే! ఫ్రేము మారిస్తే ఇంకది ఆ ఇంజనే కాదు. చిన్న చక్రం పైన, లోపలి పక్క చూడు!" మోకాళ్ళ నొప్పులన్నీ మర్చిపోయి లేచి నిలబడ్డాడు. నేను ఓణీ నడుముకు బిగించి, వెల్లకిలా పడుకుని ఇంజను కిందికి దూరాను. (అది కూడా వెండి రంగే, నేనే వేశాను, దాని లప్పమూ నేనే.) చెక్కాను, తుడిచాను, పొడిచాను. పైనుంచి పెచ్చులు కళ్ళల్లో పడుతున్నాయి. కాగితం ఆనించి రుద్దాను. ముందు ఇంగ్లీషు వై తేలింది. తరవాత జీ. తరవాత ఒక్కో అంకె. చివర నాలుగు, ఏడు.

నేనేమని అరిచానో నాకు తెలియదు గాని, బయటికొచ్చేసరికి ఓనరుగారు జేబులో కాగితం తీసి పక్కపక్కన పెట్టి చూస్తున్నాడు. నాలుగంకెలకు నాలుగూ సరిపోయాయి. "ప్రింటు పడిందిరోయ్!" అని ఒక డ్రైవరు కేకేశాడు. అంతే, రోడ్డు పక్కన ఆగిన లారీల్లోకి ఎక్కి హారన్లు మోగించడం మొదలుపెట్టారు. హైవే మీద పోయే బండ్లు ఏమైందోనని ఆగిపోయాయి. ఓనరుగారు పాతికేళ్ళుగా లారీలు నడిపిన మనిషి, ఇత్తడి బిళ్ళతో వాదించొచ్చు గాని చాసిస్ ప్రింటుతో వాదించకూడదని తెలిసినవాడు. "సారూ, ఇంక మాట్లాడేది లేదు. గూడ్సింజనే" అన్నాడు. ఇంగ్లీషు మాస్టారు చేసిన పని మాత్రం నేనెన్నడూ మర్చిపోను. తెల్ల ప్యాంటుతో, ఆ తెల్ల చొక్కాతో, నేల మీద పడుకుని కిందికి దూరి, తన కళ్ళతో చూసుకుని, వెండి మరకలతో బయటికొచ్చి, తాతకు రెండు చేతులూ జోడించాడు. "పాఠం తప్పు చెప్పబోయాను, దిద్దారు. ఏం రాయాలో మీరు చెప్పండి" అన్నాడు.

తాత ఎక్కువేమీ చెప్పలేదు. "గూడ్సింజను అని పెద్దక్షరాలతో రాయి అమ్మాయ్. బియ్యమూ, మిరపకాయలూ, నాపరాళ్ళూ మోసిందని రాయి. దొరలు ఎక్కలేదని కూడా రాయి" అన్నాడు. నేను రాశాను. తరవాత వెనకాల నేషనల్ పర్మిట్ చెరపబోతుంటే ఆయనే నా చెయ్యి పట్టుకున్నాడు. "ఉండనీ. మేమిద్దరం ఎప్పుడూ మాచర్ల దాటి పోలా. ఆ పైన పట్టాలే లేవు గదా. ఇప్పుడన్నా దీనికి పర్మిట్ ఉండనీ." అప్పుడు నాకు నిజంగానే కళ్ళనీళ్ళొచ్చాయి, వెండి రంగు పడిందని చెప్పాను. బోర్డు కింద మూలన అలవాటుగా అబ్బా పేరు మొదలుపెట్టబోతే, "ఇంజను కింద దూరింది మీ అబ్బానా, నువ్వా?" అన్నాడు. జీవితంలో మొదటిసారి నా పేరు నేను రాసుకున్నాను. నా పేరులో కూడా ఒక సున్న ఉంది. కోడిగుడ్డులాగే వచ్చింది.

మర్నాడు ప్రారంభోత్సవానికి మామ్మ కూడా వచ్చింది. బోర్డు ఒకరి చేత రెండుసార్లు చదివించుకుంది. నెంబరు పక్కన అతికించిన నా ప్రింటు కాగితాన్ని వేలితో తడిమింది. అందరం ఆమె నోటివంకే చూస్తున్నాం. ఆమె తాతవైపు తిరిగి "అయితే, అట్టు కూడా నిజమేనా?" అంది. తాత తల పైకెత్తి, "రెండు" అన్నాడు. "ఒకటి నాకు, ఒకటి డ్రైవరుకి." ఆ నెలంతా మా షెడ్డు బల్ల మీద కథలు చెప్పింది మామ్మే. "మా ఆయన నలభై ఏడు ఉండేదే" అని మొదలుపెట్టేది. తాత మధ్యలో అడ్డొస్తే "మీకు తెలవదు, ఊరుకోండి" అనేది.

ఇప్పుడు లారీలకు చేత్తో రాసేవాళ్ళు దాదాపు లేరు. నాదీ స్టిక్కర్ల దుకాణమే, అక్షరాలు మిషను కోస్తుంది, సున్నాలన్నీ గుండ్రంగా వస్తాయి. దూరం నుంచి లారీని చూసి ఎవరి చేతి పనో చెప్పే విద్య కూడా పోయింది, కళ్ళజోడు పెట్టుకున్నా అన్నీ ఒకేలా ఉంటున్నాయి. తాతా, మామ్మా ఇద్దరూ లేరు. మొన్న ఓనరుగారు ఫోన్ చేసి, ఇంజను మళ్ళీ వెలిసిపోయింది, రంగెయ్యాలన్నాడు. స్టిక్కర్లు వద్దన్నాను, బ్రష్షు తీసుకుని నేనే వెళ్ళాను. అన్నిచోట్లా లప్పం పెట్టించాను గాని, చిన్న చక్రం పైన అరచెయ్యంత మేర ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. అది ఉందో లేదో చూసుకుందామని ఇప్పటికీ ఇరవై రెండేళ్ళ పిల్లనే అనుకుని కిందికి దూరాను. దూరడం క్షణంలో అయింది, చేత్తో తడిమితే అంకెలు అలాగే ఉన్నాయి, నాలుగు, ఏడు. బయటికి రావడానికి మాత్రం ఇద్దరు మేస్త్రీలు చెరో చెయ్యీ పట్టుకుని లాగాల్సొచ్చింది. నడుం పట్టుకుని నేను ఆయాసపడుతుంటే వాళ్ళలో ఒకాయన వెనక పెట్టె చూపించి అడిగాడు.

"అమ్మా, ఈ నేషనల్ పర్మిట్ ఏంది? పాతదైపోయినట్టుంది. చెరిపెయ్యమంటారా?"

"ముట్టుకోబాక" అన్నాను. "పసుపు డబ్బా ఇటియ్యి. రెన్యువల్ చెయ్యాలి."